ల్యాబ్‌లో ఏం చేస్తామో ఇంట్లో చెప్పగలగాలి

మన తెలుగు క్లాసులో కూచునేవాళ్ళలో చాలామందిమి సైన్సు పిల్లలమే. పొద్దున తెలుగు పీరియడు, మధ్యాహ్నం ప్రాక్టికల్. అయినా ఈ గోడపత్రికకు మేం ఏం రాసిస్తాం? అమ్మ మీద కవిత, ఉగాది మీద వ్యాసం, టూరు వెళ్ళొస్తే హంపి మీద రెండు పేజీలు. అవి వద్దని నేననడం లేదు. కానీ మధ్యాహ్నమంతా తెల్లకోటు వేసుకుని నిలబడి చేసే పని గురించి ఒక్క ముక్క కూడా తెలుగులో రాయం. రాయమని ఎవరూ అడగలేదు, మాకూ తోచలేదు.

ఇది చిన్న లోటని నేను అనుకోను. డిగ్రీ అయినాక ఏం చేయాలన్న మాట మన ఇండ్లలో తెలుగులోనే జరుగుతుంది. వీధిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు, గడప దాటి లోపలికొస్తే తెలుగు. ఫీజు, హాస్టలు, పెండ్లి, రాత్రి ఎన్ని గంటలకు వస్తావు, ఎవరితో వస్తావు, అన్నీ తెలుగే. ఆ మాటల నడుమ మన చదువొకటే ఇంగ్లీషు పేరు పెట్టుకుని, చుట్టమింటికొచ్చిన కొత్త మనిషిలాగా మూలన కూచుంటుంది. "బ్యాక్టీరియల్ క్రోమోజోమ్ ఆర్గనైజేషన్" అని చెప్తే పెద్దమ్మ ఏమనుకోవాలి? అర్థం కాని దానికి డబ్బూ వయసూ పెట్టమంటే ఎవరైనా వద్దనే అంటారు. వాళ్ళను మూర్ఖులనడం అన్యాయం.

ఈ పేరు ఊరికే ఎత్తలేదు. మా పెద్దమ్మ కూతురు ఎం.ఎస్సీ. ముగించి ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరింది. ఆ ల్యాబ్ పనే ఇది: బ్యాక్టీరియా తన క్రోమోజోమును లోపల ఎలా సర్దుకుంటుందో చూడడం. మా అవ్వ అడిగింది, "రాత్రి పదైనా ఆడ ఏం పనే నీకు?" అని. అక్క జవాబు, "రీసెర్చి అవ్వా." అది జవాబే కాదు. పోలీసును ఏం చేస్తావని అడిగితే డ్యూటీ చేస్తాను అన్నట్టుంది. సరైన జవాబు తెలుగులో కుదరదని అక్క అంటుంది. కుదురుతుందని నేనంటాను. చూద్దాం.

ముందు ఆ వస్తువేమిటో చెప్పాలి. మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు. దాని క్రోమోజోము మొదలూ చివరా లేని ఒకే గుండ్రటి దారం. 46 లక్షల అక్షరజతలుంటాయి. కత్తిరించి సాపుగా పరిస్తే పొడవు ఇంచుమించు ఒకటిన్నర మిల్లీమీటరు పైనే. అంటే ఇల్లు 2 మైక్రోమీటర్లు, అందులో ఉండాల్సిన దారం దానికి ఏడెనిమిది వందల రెట్లు. ఇవన్నీ కంటికి ఆనని లెక్కలు కాబట్టి పదివేల రెట్లు పెంచుదాం. బ్యాక్టీరియా 2 సెంటీమీటర్ల చిక్కుడుగింజంత అవుతుంది. దారం 16 మీటర్లవుతుంది, దాదాపు మూడు చీరల పొడవు. దాని మందం మాత్రం అప్పటికీ పట్టుపురుగు తీసే పోగంతే. మూడు చీరల పొడవున్న పట్టుపోగును చిక్కుడుగింజలో పెట్టాలి, చిక్కు పడకూడదు. పెట్టి ఊరుకుంటే చాలదు. గింజ రెండుగా చీలే ముందు ఆ దారానికి అచ్చం అలాంటిదే ఇంకొకటి తయారుచేసి చెరో పక్కకు లాగాలి. ఆ తయారీకి సుమారు 40 నిమిషాలు పడుతుంది. తిండి బాగా దొరికితే ఈ.కోలై 20 నిమిషాలకొకసారి రెండవుతుంది. 40 నిమిషాల పని 20 నిమిషాలకు ఎలా తెములుతుంది? ఒక నకలు పూర్తికాకముందే దాని మీద ఇంకొక నకలు మొదలుపెడుతుంది. పుట్టే పిల్ల లోపల మనవరాలి పని కూడా అప్పటికే నడుస్తూ ఉంటుందన్నమాట.

ఇది చెప్పినప్పుడు అవ్వ చెయ్యి ఆపి వినింది. ఆమె పుట్టిల్లు కబ్బన్‌పేటలో మగ్గాలున్న ఇల్లు. పురి అంటే ఏమిటో, పేట అంటే ఏమిటో ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. డి.ఎన్.ఏ. రెండు పేటల దారం. రెండు పేటల దారాన్ని మధ్యలో పట్టుకుని విడదీస్తూ పోతే ముందున్న భాగంలో పురి బిగుసుకుంటుంది, ఇంకా లాగితే మెలికలు పడి ముందుకు సాగదు. నూలు విప్పిన ప్రతి ఆడమనిషికీ ఇది తెలుసు. బ్యాక్టీరియాకూ అదే కష్టం. దానికోసం అది గైరేజ్ అనే ఎంజైమును పెట్టుకుంది. గైరేజ్ రెండు పేటలనూ ఒకచోట కోసి, ఆ సందులోంచి దారంలోని ఇంకో భాగాన్ని దూర్చి, కోసిన చోట మళ్ళీ అతికిస్తుంది. పురి సర్దుకుంటుంది. 1976లో దీన్ని కనిపెట్టారు. మన ఇండ్లలో జ్వరానికో విరేచనాలకో డాక్టరు రాసే సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ళ పనిచేసేది ఇక్కడే. గైరేజ్ కోసిన తర్వాత, అతికించే ముందు దాన్ని పట్టి బిగిస్తుంది. దారం తెగినది తెగినట్టే ఉండిపోతుంది, బ్యాక్టీరియా చస్తుంది. (డాక్టరు చెప్పకుండా ఆ బిళ్ళ కొని మింగేవాళ్ళు మన హాస్టల్లోనే ఉన్నారు. అది వేరే వ్యాసం.)

సిప్రో మాట రాగానే పెద్దమ్మ ముఖం వెలిగింది. "మందు కనిపెట్టే పనా? ముందే చెప్పుంటే పోయేదిగా!" అనింది. ఇక్కడ నాకు కొంచెం గట్టిగా చెప్పాలనుంది. అక్క చేసేది మందు కనిపెట్టే పని కాదు. రేపు ఎవరో దాన్నుంచి మందు చేస్తే చేయవచ్చు, చేయకపోవచ్చు. ఇంట్లో ఒప్పించడానికి మందు పేరు చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. మూడేళ్ళ తర్వాత "ఏదమ్మా మందు?" అని అడుగుతారు, అప్పుడేం చెప్తాం? చిక్కుడుగింజలో మూడు చీరల దారం చిక్కు పడకుండా ఎలా ఉంటుందో తెలుసుకోవాలనిపించింది, అందుకు చూస్తున్నాం, అని చెప్పే ధైర్యం ఉండాలి. పద్యానికి ప్రతిపదార్థం వెతికే మన మేడమ్‌లను దీనివల్ల ఏ జబ్బు తగ్గుతుందని ఎవరైనా అడుగుతారా?

ఇప్పుడు అసలు సంగతికి, అంటే మనుషుల దగ్గరకు వస్తాను. పేపర్లో సైన్సు వార్త ఎప్పుడూ ఒకే రకంగా ఉంటుంది: ఫలానా శాస్త్రవేత్త ఫలానాది కనిపెట్టాడు. ఒక మనిషి, ఒక రోజు, ఒక మెరుపు. ల్యాబ్‌లోకి వెళ్ళి చూస్తే మెరుపులుండవు, గిన్నెలు కడిగే చప్పుడుంటుంది. పొద్దున్నే వచ్చే మొదటి మనిషి మీడియా వండే ఆయన. ఉప్పు, ఈస్టు సారం, ప్రోటీను పొడి కొలిచి నీళ్ళలో కలిపి, ఆటోక్లేవులో 121 డిగ్రీల దగ్గర పెడతాడు. ఆటోక్లేవు అంటే మన కుక్కరే, పెద్దది. ఆయన ఒక రోజు రాకపోతే పిహెచ్.డి. వాళ్ళు, పోస్ట్‌డాక్‌లు, గైడు, అందరి పనీ నిలిచిపోతుంది. ఆయన పేరు పేపరు మీద ఉండదు. బాగున్న ల్యాబ్ అయితే చివర కృతజ్ఞతల్లో ఒక వరుస ఉంటుంది.

ఇది ఈనాటిది కాదు. ప్లేటు మీద బ్యాక్టీరియాను పెంచడానికి మనం వాడే అగార్‌ను ల్యాబ్‌కు తెచ్చింది ఫానీ హెస్సే అనే ఇల్లాలు. ఆమె భర్త రాబర్ట్ కోఖ్ దగ్గర పనిచేసేవాడు. ఎండాకాలం జెలటిన్ కరిగిపోయి ప్లేట్లు పాడవుతుంటే, తను వంటింట్లో జెల్లీకి వాడే అగార్ వేసి చూడమని 1881లో ఆమె చెప్పింది. మన అంగళ్ళలో చైనా గ్రాస్ అని అమ్ముతారే, అదే. 1882లో కోఖ్ క్షయ మీద రాసిన వ్యాసంలో అగార్ ఉంది, ఆమె పేరు లేదు. మనం సెకండ్ సెమిస్టర్‌లో కోఖ్ సూత్రాలు నాలుగూ బట్టీ పట్టాం. ఫానీ హెస్సే పేరు ఎంతమందికి తెలుసు?

మళ్ళీ అక్క ల్యాబ్‌కు. ఆమె ముందురోజు సాయంత్రం ఒక కాలనీని సూదితో గీకి ద్రవంలో వేసి, 37 డిగ్రీల దగ్గర ఊగే పెట్టెలో రాత్రంతా పొదగబెడుతుంది. పొద్దున అందులోంచి కొంచెం తీసి కొత్త ద్రవంలో కలిపి, ఎంత చిక్కబడిందో అరగంటకొకసారి కొలుస్తుంది. తగినంత పెరిగాక అసలు పని మొదలు. కాసేపటికొకసారి ఒక్కో గొట్టంలోకి తీసి, కణాలు ఎక్కడివక్కడ బిగుసుకుపోయేట్టు ఫార్మాల్డిహైడ్ వేస్తుంది. దీన్ని మధ్యలో ఆపడానికి లేదు. బస్సు టైమైంది, రేపొచ్చి చూస్తానంటే బ్యాక్టీరియా వినదు, 20 నిమిషాల్లో రెండైపోతుంది. రాత్రి పదింటికి ఆడ ఏం పనే అన్న అవ్వ ప్రశ్నకు జవాబు ఇదీ.

బిగుసుకున్న కణాలను ఆ తర్వాత పగలగొట్టి, దారాన్ని ఎంజైముతో ముక్కలుగా కోస్తారు. లోపల పక్కపక్కన ఆనుకుని ఉన్న ముక్కలు, ఫార్మాల్డిహైడ్ పట్టి ఉంచింది కాబట్టి, విడిపోవు. వాటి కొసలను ఒకదానికొకటి అతికిస్తారు. అప్పుడు ఆ అతుకులను చదివిస్తే, దారం మీద ఎంతో దూరంగా ఉన్న ఏ రెండు చోట్లు కణంలో పక్కపక్కన ఉన్నాయో తెలుస్తుంది. మడిచిపెట్టిన చీర మీద ఒక చోట నూనె మరక పడితే, విప్పినప్పుడు ఎడం ఎడంగా నాలుగైదు మరకలు కనిపిస్తాయి కదా. ఆ మరకలను చూసి చీరను ఎలా మడిచారో చెప్పవచ్చు. ఈ పద్ధతి పేరు హై-సి. 2013లో అమెరికాలో ఎం.ఐ.టి.లో మైకేల్ లౌబ్ ల్యాబ్‌వాళ్ళు కౌలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా మీద ఇలా చేసి, దాని క్రోమోజోము వరుసగా విడివిడి మడతలుగా ఉంటుందని చూపించారు.

ఈ పనిలో ఎక్కువ రోజులు ఏమీ రాదు. ఎంజైము కోయదు, ప్లేటు మీద బూజు వస్తుంది, కరెంటు పోతుంది. అక్క నోట్‌బుక్కులో పేజీలకు పేజీలు "రాలేదు, మళ్ళీ చేయాలి" అనే ఉంటుంది. ఇంట్లో చెప్పాల్సింది ఇదికూడా. ఒక బిడ్డ నాలుగు నెలలు రోజూ వెళ్ళి ఏమీ తేలకుండా తిరిగి వస్తుందంటే, ఆమెకు చేతకాక కాదు, ఆ పని తీరే అంత. మగ్గం మీద పడుగు తెగితే మళ్ళీ అతుక్కుంటూ కూచునే ఇండ్లలోని వాళ్ళకు ఇది అర్థమవుతుంది. చెప్పేవాళ్ళు లేక అర్థం కాలేదంతే.

అక్క నాతో వాదించింది. క్రోమోజోముకు తెలుగేది, గుణసూత్రమనాలా? న్యూక్లియాయిడ్‌ను ఏమనాలి? ఆ పేర్లు పెడితే అవ్వకూ అర్థం కాదు, నాకూ కాదు, అంటుంది. నిజమే. కానీ నేను అడిగేది పేర్లు మార్చమని కాదు. క్రోమోజోమును క్రోమోజోమనే అందాం, బస్సును బస్సనట్లేదా? చేసే పనులకు మాత్రం మన మాటలే ఉన్నాయి. పురి ఎక్కడం, పురి విప్పడం, కోయడం, దూర్చడం, అతకడం, గీకడం, వడకట్టడం, పొదగబెట్టడం, పేటలు విడదీయడం. పైన నేను చెప్పిందంతా చూడండి. పేర్లు ఇంగ్లీషువి, క్రియలు మన ఇంటివి. స్కూలు పుస్తకాలు రాసినవాళ్ళు పేర్లకు సంస్కృతం వెతకడంలో పెట్టిన శ్రమ ఈ క్రియల మీద పెట్టుంటే బాగుండేదని నా అభిప్రాయం. మేడమ్‌లు ఒప్పుకోకపోవచ్చు.

జపాన్‌వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. అక్కడ సోటా హిరాగా బృందం క్రోమోజోము పంపకం తప్పిపోయి, అసలు డి.ఎన్.ఏ. లేకుండా పుట్టే ఈ.కోలై కణాలను వెతికి పట్టుకుంది. 1989లో అచ్చయిన ఆ పరిశోధనలో ఆ రకానికి "ముక్" అని పేరు పెట్టారు. జపనీసులో ముకాకు అంటే కేంద్రకం లేనిది. ఈరోజు ప్రపంచంలో ఏ ల్యాబ్‌కు వెళ్ళినా ఆ ప్రోటీనును ముక్-బి అనే అంటారు. ఇంట్లో మాట్లాడే మాటను ల్యాబ్‌లోకి తీసుకెళ్ళారు, సైన్సేమీ ఆగిపోలేదు.

ఆ ముక్ ప్రోటీన్ల మీదే ఆక్స్‌ఫర్డ్‌లో పిహెచ్.డి. చేసిన అంజనా బద్రీనారాయణన్ గారు ఇప్పుడు మన బెంగళూరులోనే, బళ్ళారి రోడ్డులో జి.కె.వి.కె. ఆవరణలో ఉన్న ఎన్.సి.బి.ఎస్.లో ల్యాబ్ నడుపుతున్నారు. పోస్ట్‌డాక్ చేసింది పైన చెప్పిన లౌబ్ ల్యాబ్‌లోనే. బ్యాక్టీరియా తన డి.ఎన్.ఏ. దెబ్బతింటే ఎలా బాగుచేసుకుంటుందో బతికున్న కణంలోనే మైక్రోస్కోపుతో చూడడం ఆమె ల్యాబ్ పని. ఐ.ఐ.ఎస్సీ.లో వి. నాగరాజ గారు క్షయ బ్యాక్టీరియా జాతిలోని గైరేజ్ మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఇవన్నీ మనకు ఒక సిటీ బస్సు దూరంలో ఉన్నాయి. మనలో ఎంతమందిమి అటు తొంగి చూశాం?

ఆర్ట్స్ అక్కలు ఇదంతా మాకెందుకు అనుకోవద్దు. కౌలోబ్యాక్టర్‌ను ప్రపంచానికి పరిచయమున్న జీవిగా మార్చిన లూసీ షపీరో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ కాలేజీలో చదివింది చిత్రకళ కూడా. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో డెవలప్‌మెంటల్ బయాలజీ డిపార్టుమెంటునే మొదలుపెట్టింది.

ఇంట్లోవాళ్ళ భయాలు మిగిలాయి. వాటిని కొట్టిపారేయను. ప్రాజెక్టు ఉద్యోగం ఏడాదో రెండేళ్ళో, ప్రాజెక్టుతోపాటే అయిపోతుంది. నెట్ రాసి జె.ఆర్.ఎఫ్. తెచ్చుకుంటే నెలకు 37,000, రెండేళ్ళ తర్వాత 42,000 వస్తుంది. 2023లో పెంచిన లెక్క ఇది. పెంచమని దేశమంతా పరిశోధక విద్యార్థులు ఏళ్ళ తరబడి రోడ్డెక్కితే పెరిగింది. పెరిగినా చేతికి నెలనెలా అందదు, కొన్నిసార్లు మూడు నెలలది ఒకేసారి పడుతుంది. పి.జి. ఓనరు అంతవరకూ ఆగుతాడా? రాత్రి పదింటికి గేటు దగ్గర్నుంచి బస్‌స్టాపు దాకా దీపాలున్నాయా? ఇవి అడగాల్సిన ప్రశ్నలే. ఆడపిల్లలకు పిహెచ్.డి. గడువులో రెండేళ్ళు ఎక్కువ ఇస్తారని, కాన్పుకు, బిడ్డను చూసుకోవడానికి 240 రోజుల సెలవు ఉందని యు.జి.సి. నిబంధనల్లో ఉంది. ఇది మనకే తెలియకపోతే పెండ్లైతే చదువు ఆగిపోతుందనే పెద్దమ్మకు ఎవరు చెప్తారు?

నా కోపమల్లా ఒకదాని మీదే. పని ఏమిటో తెలియనప్పుడు ఇంట్లో అడిగేది "ఎందుకు?" అని. తెలిసినప్పుడు అడిగేది "ఎలా వస్తావు, ఎవరుంటారు, డబ్బెప్పుడు పడుతుంది?" అని. మొదటి ప్రశ్నకు మనమెంత చెప్పినా చాలదు. రెండో రకం ప్రశ్నలకు జవాబులుంటాయి, లేకపోతే ల్యాబ్‌వాళ్ళను అడిగి సంపాదించుకోవచ్చు. పురి సంగతి చెప్పిన తర్వాత మా అవ్వ ఎందుకని మళ్ళీ అడగలేదు. "కోసిన దారం అతికేటప్పుడు ముడి కనపడదా?" అని అడిగింది. అక్క కాసేపు ఆలోచించి, కనపడదని చెప్పింది. తర్వాత రాత్రి బండి ఏర్పాటు గురించి గైడును అడిగి రమ్మనింది పెద్దమ్మ.

మన డిపార్టుమెంటుకు నా విన్నపం ఒకటుంది. వచ్చే సంచిక చార్టులో కింది సగం మాకు వదలండి. బి.ఎస్సీ. పిల్లలు ఒక్కొక్కరు, ఆ నెల ప్రాక్టికల్‌లో చేతులతో చేసింది ఇరవై వరుసల్లో రాస్తాం. పేర్లు ఏ భాషవైనా సరే, క్రియలు తెలుగువి కావాలి. మేడమ్‌లు వాక్యాలు దిద్దండి, సైన్సు మా హెచ్.ఓ.డి. దిద్దుతారు. మొదటిది నేనే ఇస్తాను, గ్రామ్ స్టెయినింగ్ మీద. ఊదా రంగు వేసి, అయొడిన్‌తో పట్టించి, స్పిరిటుతో కడిగి, ఎర్రరంగు అద్దే పని అది. అద్దకం పని చేసే ఇంటి పిల్లలు మన క్లాసులో ఇద్దరున్నారు, వాళ్ళకు చూపించాకే అంటిస్తాను.